కొందరు, అందరు: కన్చెర్టో గ్రోసో వినుట యెట్లు?

రామన్నపేటనుండి శ్రోత యొకరు మాకు వ్రాసిన ఉత్తరములో ఒక చిక్కు ప్రశ్న కలదు. పాశ్చాత్య తంత్రీవాద్య సంగీతము ప్రసారమైన ఒకనాటి రాత్రి వారి రేడియోలో ధ్వని ఒకసారి నిండుగా వచ్చి, అంతలోనే సన్నగిల్లి, మరల నిండుగా వచ్చినదట. మీట త్రిప్పి చూచిరి, ఏరియలు సవరించి చూచిరి, ప్రయోజనము లేకపోయెను. సంగీతము ముగిసి వార్తలు మొదలైనంతనే సెట్టు బుద్ధిగా పనిచేసినది. లోపము తమ సెట్టులో నున్నదా, మా స్టేషనులో నున్నదా యని వారి ప్రశ్న.

రెంటిలోను లేదు. ఆ రచన యొక్క నడకయే అట్టిది. ధ్వని నిండుట, సన్నగిల్లుట అనునదియే దాని ప్రాణము. ఉత్తరము వ్రాసినవారు తెలియకయే ఆ సంగీతములోని ముఖ్యవిషయమును పట్టుకొనిరి. పాశ్చాత్య సంగీతము వినవచ్చినంతనే రేడియో కట్టివేయువారు మన యిండ్లలో తక్కువ లేరు. వారి మాట యటుంచి, కట్టివేయక ఓపికతో విని, "ఇది యేమి?" అని యడిగిన శ్రోతకు సరియైన సమాధానము చెప్పుట మా విధి యని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ రాత్రి ప్రసారమైన రచనాజాతికి ఇటలీ భాషలో కన్చెర్టో గ్రోసో అని పేరు. గ్రోసో అనగా పెద్దది. ఇందులో వాద్యకారులు రెండు మేళములుగా ఏర్పడుదురు. ఒకటి చిన్నది, సాధారణముగా రెండు వయొలిన్లు, ఒక చెల్లో. దీనిని కన్చెర్టీనో అందురు. రెండవది పెద్దది, అందులో పలువురు వయొలిన్ వాద్యకారులు, వయొలిన్ కంటె కొంచెము పెద్దదై స్థాయి తగ్గిన వయోలాలు, చెల్లోలు, అన్నింటికి అడుగున గంభీరముగా మ్రోగు డబుల్ బేసు ఉండును. దీనికి రిపియేనో అని పేరు. నిండినది అని యర్థము. ఈ రెంటికిని తోడుగా హార్ప్సికార్డు అను మీటల వాద్యమో, దేవాలయమైనచో ఆర్గనో, మంద్రస్వరము ననుసరించి ఎడతెగక ఆధారము నిచ్చుచుండును. ఇటాలియను పేర్లు పదే పదే వాడుట మాకును కష్టమే గనుక, ముగ్గురి మేళము, నిండు మేళము అని వ్యవహరింతము.

ఇచట ఒక సూక్ష్మము గమనింపదగినది. నిండు మేళము వాయించునపుడు ముగ్గురును ఊరకుండరు. వారును అందరితో గలిసి వాయింతురు. నిండు మేళము ఆగినపుడు వారు మాత్రమే మిగులుదురు. కావున ఇది వీరికిని వారికిని జరుగు పోటీ కాదు. కొందరు వాయించుట, అందరు వాయించుట అను రెండు స్థితుల నడుమ జరుగు రాకపోక. ఆ కాలపు రచయితలు ధ్వనిని క్రమక్రమముగా పెంచుటను అరుదుగా కోరిరి. పదునైదుమంది వాయించుచుండగా పండ్రెండుగురు విల్లు లెత్తినచో ధ్వని తానే తగ్గును. మరల దించినచో తానే పెరుగును. వాలు లేదు, మెట్లు మాత్రమే యున్నవి. రేడియో పాడైనదన్న అనుమానము ఆ మెట్టు దిగినచోటనే కలిగియుండును.

కనుక మొదటి మనవి ఏమనగా, ముగ్గురి మేళము వచ్చినపుడు ధ్వని చాలదని మీట త్రిప్పకుడు. త్రిప్పినచో మరుక్షణమున అందరును కలిసినపుడు ఇల్లు అదరును; తగ్గించినచో మరల ముగ్గురు వినబడరు. అటుపిమ్మట మిగులునది సంగీతము గాదు, మీటతో కుస్తీ. ఈ పొరపాటు శ్రోతలు మాత్రమే చేయుదురనరాదు. స్టూడియోలో మీటలకడ కూర్చుండువారికిని సన్నని చోటును పెంచవలెనని చేయి దురదపెట్టుచుండును. ధ్వనిని ఇంచుమించు ఒకే మట్టమునకు దెచ్చు పరికరములును ప్రసారమార్గమున నుండును. మాటలకు అవి మేలు చేయును; ఈ జాతి సంగీతమునకు కీడు చేయును. మరియొక చిక్కు కూడ గలదు. కచ్చేరీ మందిరమున ముగ్గురు ఎచట కూర్చుండిరో కంటితో చూడవచ్చును. ఒకే స్పీకరు గల సెట్టులో అందరును ఒకే రంధ్రమునుండి వత్తురు. ధ్వనియొక్క మందమును బట్టియే ఎవరు వాయించుచున్నారో ఊహించుకొనవలెను. అలవాటైనపిదప ఇది కష్టము గాదు: ముగ్గురి ధ్వని దారమువలె సన్నగా, అంచులు తెలియునట్లుండును; నిండు మేళపు ధ్వని గొంగడివలె మందముగా నుండును.

గొంగడి మాట ఊరక రాలేదు. నల్లగొండ సీమలో పెరిగిన చెవికి ఈ పద్ధతి క్రొత్త గాదని మా యభిప్రాయము. రామన్నపేట 2016వ సంవత్సరమునుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది గాని, పాట విషయమున అది నల్లగొండ సీమయే. ఆ మెరకనేలలలో గొఱ్ఱెలమందలతో తిరుగువారి పాటలు, కథలు మిక్కుటము. సూర్యాపేటకడ దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకసారి జరుగు లింగమంతులస్వామి జాతరకు పోయినవారికి డోళ్ల మ్రోత యెట్టిదో చెప్పనక్కరలేదు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పు ఒగ్గువారు ఎట్లు చెప్పుదురు? ప్రధానకథకుడు ఒక మాట పాడి విడుచును. ప్రక్కనున్నవారు దాని కొసను అందుకొందురు. డోళ్లును తాళములును ఒక్కసారిగా పైకి లేచి, అంతలోనే అణగి, కథకునికి చోటిచ్చును. గొల్లసుద్దులలోను, బుఱ్ఱకథలోను కథకుని కిరుప్రక్కల వంతవారుందురు. ఆనాటి రామన్నపేట తాలూకాలోని పాలడుగులో పుట్టిన సుద్దాల హనుమంతు తెలంగాణ రైతాంగపోరాట కాలమున గొల్లసుద్దుల బాణీని తీసికొని ఊరూర జనమును మేల్కొలిపెను. ఒకని గొంతు చెప్పినదానిని పలుగొంతులు అందుకొన్నపుడు ఆ మాటకు వచ్చు బలమే ఆయన యెఱిగిన రహస్యము.

ఆ అందుకొనుటకే మనవారు వంత యని పేరు పెట్టిరి. ఇంతకంటె చక్కని మాట కన్చెర్టో గ్రోసోకు ఇటలీ భాషలోను లేదు. వంత ఒక్క విధముగా నుండదు. కథకుడు పాడినదానినే మరల పాడుట యొకటి. కథకుడు సగములో విడిచినదానిని పూర్తిచేయుట యొకటి. కథకుడు పాడుచుండగనే చివరి రెండు మాటలపై వచ్చిపడి వానికి బరువు కలిగించుట యొకటి. నిండు మేళము ముగ్గురికి చేయునదియు సరిగా ఈ మూడు పనులే. ముఖ్యముగా మూడవది. ముగ్గురు సుకుమారముగా నడపుచున్న వాక్యము ముగింపునకు రాగానే ఎక్కడినుండియో అందరును వచ్చి ఆ ముగింపును ముద్ర వేసినట్లు వాయించి పోవుదురు. ఒక గంటసేపు ఒగ్గుకథ వినిన చెవి దీనిని గుర్తింపలేదనిన మేము నమ్మము.

భేదము లేకపోలేదు. ఒగ్గుకథలో కథ ప్రధానకథకునిది. ఇచట మాత్రము ముగ్గురిలో ఎవరు పెద్దయో చెప్పుట కష్టము. రెండు వయొలిన్లును సమానస్థాయి గలవి. ఒకటి పైకి పోవుచుండగా రెండవది దానిని దాటి పోవును. మొదటిది మరల దీనిని దాటును. ఒకే జడలోని పాయలవలె అల్లుకొనిపోవును. ఒక్కడే పండితుడు తన నేర్పును చూపి చప్పట్లు కొట్టించుకొను కన్చెర్టోలు పిమ్మట విరివిగా వచ్చినవి. అవియును గొప్పవే గాని, మాకు ఈ పాతపద్ధతియందలి మర్యాద యెక్కువ యిష్టము.

ఈ పద్ధతి కొక రూపు నిచ్చి నిలిపినవాడు ఆర్కాంజెలో కొరెల్లి. 1653 ఫిబ్రవరి 17వ తేదీన ఉత్తర ఇటలీలోని ఫుసిన్యానో అను చిన్న ఊర జన్మించెను. యౌవనముననే రోము చేరి, తుదివరకు అచటనే యుండెను. స్వీడను రాజ్యమును వదలి రోములో నివసించిన క్రిస్టీనా రాణి, తరువాత కార్డినల్ పాంఫీలి, కార్డినల్ ఒత్తోబోని అతనికి పోషకులైరి. విజయనగరమునను గద్వాలలోను కవిపండితులను పోషించిన సంస్థానాధీశులను తలచుకొన్నచో ఆ రోమునగరపు వాతావరణము మనకు కొంత యర్థమగును. ప్రభువుల యింట నిత్యము జీతముపై నుండు వాద్యకారులు కొలదిమంది, వారు గట్టివారు. పండుగనాడో, రాయబారి వచ్చిననాడో మాత్రము నగరములోని తక్కినవారిని కూలికి పిలిపింతురు. అట్లు వచ్చినవారికి సాధనచేయుటకు వ్యవధి తక్కువ. కాబట్టి క్లిష్టమైన భాగము నిత్యముండు ముగ్గురికిని, సులభమై బరువైన భాగము వచ్చినవారికిని వ్రాయుట మిగుల వీలుగా నుండెను. గొప్ప కళారూపములు పెక్కు ఇట్టి లౌకికమైన అవసరములనుండియే పుట్టినవని చెప్పుటకు మేము సందేహింపము.

జర్మను దేశమునుండి వచ్చిన గెయోర్గ్ మూఫాట్ అను సంగీతజ్ఞుడు 1680 ప్రాంతమున రోములో కొరెల్లి రచనలను స్వయముగా విని, ఆ పద్ధతిని తన దేశమునకు కొనిపోయెను. 1701లో అచ్చువేసిన తన గ్రంథపు పీఠికలో అతడు చెప్పిన సంగతి రుచికరమైనది. వాద్యకారులు ముగ్గురే దొరకినచో ఈ రచనలను ముగ్గురితోనే వాయింపవచ్చును. మరికొందరు దొరకినచో చేర్చుకొనవచ్చును. ఇంకను దొరకినచో నిండు మేళమును ఎంతైన పెంచవచ్చును. మన పెండ్లిండ్లలో ఇంటివారి స్తోమతు ననుసరించి ఒక సన్నాయి, ఒక డోలుతో సరిపెట్టుటయు, నాలుగు సన్నాయిలు, నాలుగు డోళ్లు పిలిపించుటయు లేదా? పాట అదియే. 1687లో క్రిస్టీనా రాణి యింట ఇంగ్లండు రాయబారి గౌరవార్థము జరిగిన ఉత్సవమున కొరెల్లి నూటయేబదిమంది తంత్రీవాద్యకారులకు నాయకత్వము వహించెను. ఆ కాలమున మైక్రోఫోను లేదను సంగతి శ్రోతలు గుర్తుంచుకొందురు గాక!

ఇంత పేరుగల కొరెల్లి వ్రాసి అచ్చుకిచ్చినది చాల స్వల్పము. పండ్రెండేసి రచనలు గల సంపుటములు ఆరు, అనగా డెబ్బదిరెండు రచనలు. ఆరవ సంపుటమే కన్చెర్టో గ్రోసోలు. వీనిలో కొన్నింటిని అతడు ఏండ్ల తరబడి దగ్గరనుంచుకొని దిద్దుచు వచ్చెను. తుదకు ఆమ్‌స్టర్డాములోని ప్రకాశకుడు ఎస్తియెన్ రోజేతో ఒప్పందము చేసికొనెను గాని, 1713 జనవరి 8వ తేదీన మరణించుటచే అచ్చుప్రతిని కంట చూడలేకపోయెను. సంపుటము 1714లో వెలువడినది. అతని సమాధి రోములోని పాంథియన్ మందిరమున నున్నది. చిత్రకారుడు రఫేలు సమాధియు అచటనే.

ఆ సంపుటము యూరపంతటను వ్యాపించెను. హ్యాండెల్ యువకుడుగా రోమునకు వచ్చినపుడు అతని రచనను కొరెల్లియే నడిపించెననియు, ఒకచోట పైస్థాయి స్వరములు అతనికి నచ్చిన రీతిలో రాకపోగా హ్యాండెల్ కోపగించి వయొలిన్ లాగుకొని తానే వాయించి చూపెననియు హ్యాండెల్ జీవితచరిత్రకారు డొకడు చెప్పినాడు. పెద్దవాడైన కొరెల్లి కోపింపక, ఇది ఫ్రెంచి పద్ధతి, నాకు దీనితో పరిచయము లేదని వినయముగా నుడివెనట. అట్టి హ్యాండెల్ 1739 సెప్టెంబరు చివరనుండి అక్టోబరు చివరవరకు ఒక్క మాసములో లండనులో పండ్రెండు కన్చెర్టో గ్రోసోలు వ్రాసెను. ఆ ముగ్గురి మేళమే, ఆ పండ్రెండు సంఖ్యయే, ఆరవ సంపుటమను ఆ పేరే. గురుభక్తి కిది చాలదా! వివాల్డి 1711లో ప్రకటించిన సంపుటమునందును, బాఖ్ 1721లో బ్రాండెన్‌బర్గు ప్రభువునకు అంకితమిచ్చిన ఆరు కన్చెర్టోలయందును ఈ పద్ధతియే వేర్వేరు వేషములు ధరించినది. వారిని గూర్చి వేరొకప్పుడు.

ఇంతవరకు చెప్పినదాని కంటె కష్టమైన విషయ మొకటి మిగిలియున్నది. ఒగ్గుకథ వినిన చెవికి కొందరు, అందరు అను సంగతి తెలియును గాని, ఒకేసారి నాలుగైదు వేర్వేరు స్వరములు మ్రోగుట తెలియదు. మన సంగీతమున ఎందరు పాడినను పాట యొక్కటే. అడుగున శ్రుతి యొక్కటే. పాశ్చాత్యులు స్వరములను నిలువుగా పేర్తురు. అదియే హార్మనీ. మనవారికి అది గోలగా తోచుటకు కారణము చెవిలోపము గాదు. ఏ స్వరమును పట్టుకొనవలెనో తెలియకపోవుట. దాని కొక ఉపాయము గలదు. అడుగుస్వరమును పట్టుకొనుడు. చెల్లో, డబుల్ బేసు నడచునట్టి ఆ మంద్రపు బాటను చెవితో అనుసరించినచో పైనున్నవన్నియు దానికి కట్టుపడియున్నట్లు క్రమముగా తెలియవచ్చును. మనము తంబురను నమ్మినట్లు వారు నడచునట్టి మంద్రమును నమ్ముదురు. భేదమంతయు మన తంబుర కదలకపోవుట, వారి మంద్రము కదలుటయే.

వాద్యము మాత్రము పరాయిది గాదు. ముద్దుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపీయుని వద్ద వయొలిన్ నేర్చి కర్ణాటకసంగీతమున ప్రవేశపెట్టెను. అతడు 1786లో పుట్టి 1858లో మరణించెను. అనగా వయొలిన్ మన యింటికి వచ్చి రెండువందల యేండ్లు కావచ్చినది. మనవారు దానిని నేలపై కూర్చుండి, ఛాతీకిని కాలిమడమకును ఆనించి, నాలుగు తంతులను షడ్జపంచమములకు శ్రుతిచేసి, గమకములు పలికించిరి. విజయనగర సంగీతకళాశాలలో నాయుడుగారుగా ప్రసిద్ధులైన ద్వారం వెంకటస్వామినాయుడు, పాశ్చాత్యుల విల్లుపట్టును శ్రద్ధగా గమనించి, నిడువైన విల్లుతో మన రాగములను పాడించిన మహానుభావుడు. యెహూదీ మెనూహిన్ 1952లో మనదేశమునకు వచ్చినపుడు ఆయన వాదనము వినెను. ఇక ప్రతిదినము ఆకాశవాణి ప్రసారములకు ముందు వినవచ్చు సంకేతసంగీతమును తలచుకొనుడు. తంబురపై తేలివచ్చు ఆ వయొలిన్ పలుకును కూర్చినవాడు చెక్ దేశీయుడగు వాల్టర్ కౌఫ్‌మన్; 1930ల చివర బొంబాయి కేంద్రమున పాశ్చాత్యసంగీత విభాగమున పనిచేసినవాడు. దానిని పరాయి సంగీతమని మన యిండ్లలో ఎవరును కట్టివేయలేదు!

ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందమును స్థాపించినది. పండిత రవిశంకర్, టి. కె. జయరామయ్యరు దానికి మొదట సారథులు; పిమ్మట మన ద్రాక్షారామపు వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు దానిని చిరకాలము నడపిరి. అట్టి బృందములపై పండితుల ఆక్షేపణ ఒకటి ఎప్పుడును కలదు: పదిమంది కలిసి ఒక గమకమును పలికించినచో అది గమకము గాదు, పది గమకముల తొక్కిసలాట. ఆక్షేపణ న్యాయమైనదే. కాని దానికి సమాధానము కొరెల్లి యింట నున్నది. గమకముగల సుకుమారమైన చరణమును ఇద్దరు ముగ్గురి కప్పగించి, నిలుకడ గల పల్లవిని, ముక్తాయింపును అందరికి నిచ్చినచో రెంటికిని న్యాయము జరుగును. అందరును అన్నివేళల వాయింపవలెనను ఆశయే మన బృందగానమునకు పెద్ద చిక్కు. ఊరకుండుటయు బృందములోని పనియే యని వాద్యకారులకు నచ్చజెప్పుట, అనుభవముమీద చెప్పుచున్నాము, మిక్కిలి కష్టము.

ఇక ఒక రచనను చేతబట్టి విందము. కొరెల్లి సంపుటమునందలి ఎనిమిదవ కన్చెర్టోను ఎంచుకొందము. సుమారు పదునైదు నిమిషములది. దానిపై రచయిత, క్రీస్తు జన్మరాత్రికై చేసినది అని వ్రాసికొనెను. కార్డినల్ ఒత్తోబోని కోరికపై చేసినది. అందుచే లోకమున దీనిని క్రిస్మసు కన్చెర్టో అని పిలుతురు.

ఆరంభమున అందరును కలిసి కొన్ని మొనదేలిన దెబ్బలు వేయుదురు, తలుపు తట్టినట్లు. వెంటనే నిశ్శబ్దము. ఆ పిదప వచ్చు నెమ్మదియైన భాగమే ఈ రచనకు గుండెకాయ. స్వరముల పోకడ మన నటభైరవికిని, అక్కడక్కడ కీరవాణికిని దగ్గరగా నుండును. రాగమని మాత్రము భ్రమపడరాదు. ఒక వయొలిన్ ఒక స్వరమును పట్టి నిలుచును. రెండవది దానిని ఒరసికొనుచు ప్రక్కస్వరముపై వచ్చి నిలుచును. రెండును ఒరసికొన్నపుడు చెవికి చిన్న నొప్పి. మొదటిది ఒక మెట్టు దిగును, నొప్పి తీరును. అంతలో దిగినదే క్రొత్తగా నిలుచును, వేరొకటి వచ్చి ఒరయును. నొప్పి, ఊరట, మరల నొప్పి. ఇట్లు గొలుసువలె సాగును. హార్మనీ యనగా నేమో తెలియగోరువారు పది పుస్తకములు చదువుటకంటె ఈ భాగమును మూడుమారులు వినుట మేలు.

ఈ భాగముపై కొరెల్లి ఒక ఆజ్ఞ వ్రాసెను: విల్లును నిడుపుగా లాగి, ఉన్నది ఉన్నట్లు వాయింపవలెను. ఈ ఆజ్ఞ యెందుకు? ఆ కాలపు వాద్యకారులు నెమ్మదియైన భాగములను వ్రాసినట్లు వాయించెడివారు కారు. మన విద్వాంసులవలె తమకు తోచిన సంగతులు, అలంకారములు చేర్చెడివారు. పాశ్చాత్యసంగీతమున మనోధర్మము లేదనువారు ఈ సంగతి గమనింపవలెను. కొరెల్లియు దానికి విముఖుడు గాడు. కాని ఇచట ఏ నగ పెట్టినను ముఖము చెడునని అతనికి తెలియును.

తరువాతి వడిభాగమున ముగ్గురి మేళము స్పష్టముగా వినబడును. చెల్లో అడుగున ఆగక నడచుచుండ, పైన ఇరువురు వయొలిన్లు ఇంతకుముందు చెప్పిన ఒరపిడినే వేగముగా ఆడుకొందురు. నిండు మేళము ముగింపులకడ వంత పలికి పోవుచుండును. సెట్టు పాడైనదేమో యని సందేహము కలుగు తావు ఇదియే. పిమ్మట ఒక మెత్తని భాగము, దాని నడిమిలో ఉలికిపడినట్లు కొంచెముసేపు వడి, మరల మెత్తదనము. ఆపైన రెండు నాట్యగతులు. ఒకటి మూడు దెబ్బలది, ఒకటి రెండు దెబ్బలది. వానిని గూర్చి విశేషముగా చెప్పవలసినది లేదు, కాలు తానే తాళము వేయును.

ఆ రెండవ గతి ఆగక కరిగినట్లై, చివరి భాగములోనికి పోవును. దీనికి పాస్తొరాలె యని పేరు. గొల్లలపాట యని యర్థము. ఇంతవరకు నటభైరవివలె విషాదముగా నున్న స్వరస్థానములు శంకరాభరణపు వెలుగులోనికి వచ్చును. తాళము నాలుగు దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు మూడేసి అక్షరములు. మనవారు తిశ్రగతి యందురు. ఊయల ఊగినట్లుండును. అడుగుననున్న వాద్యములు, ఇంతసేపు నడచిన మంద్రము, ఇచట నడక మాని ఒకే స్వరముపై నిలిచిపోవును. అదియే మన శ్రుతి! పాశ్చాత్యసంగీతమున నిట్టి నిలుకడ అరుదు గనుక, వినిన వెంటనే మనవారికి ఇంటికి వచ్చినట్లు తోచును.

దీనికి మూలము రోమునగరపు వీథులలో నున్నది. క్రిస్మసు పండుగకు ముందు దినములలో అబ్రుత్సి కొండలనుండి గొఱ్ఱెలకాపరులు రోమునకు దిగివచ్చి, వీథిమూలలందలి మరియమాత విగ్రహములయెదుట ఒకడు సన్నాయివంటి వాద్యమును, మరియొకడు తోలుతిత్తి వాద్యమును ఊదెడివారు. తిత్తిలోని గాలి ఆగక ఒకే శ్రుతిని పలుకును. మన కథకులు శ్రుతికై వాడిన తిత్తియు అట్టిదే. దేవదూతలు క్రీస్తుజననవార్తను మొదట తెలిపినది పొలములో మందను కాచుకొనుచున్న గొల్లలకే యని లూకా సువార్త చెప్పుచున్నది. కార్డినలు గారి భవనమున పట్టుబట్టలవారి యెదుట వాయింపబడిన రచనలో చివరిమాట ఆ కంబళివారికి దక్కినది. ఒగ్గువారు బీరప్పకథలో గొఱ్ఱెల పుట్టుకను పాడునప్పుడు డోళ్లు నెమ్మదించి యూగుటను వినినవారికి ఈ పాస్తొరాలెను వివరింపనక్కరలేదు.

ఈ చివరి భాగమును వాయించుటయో మానుటయో వాద్యకారుల యిష్టమని కొరెల్లి వ్రాసియుంచెను. క్రిస్మసు గాని దినములలో కన్చెర్టోను దానికి ముందే ముగింపవచ్చును. కాని మానువారిని మేము ఎఱుగము. ఇందులో ముగ్గురును అందరును ఒకరి చేతినుండి ఒకరు పాటను అందుకొనుచు, ప్రతిసారియు కొంచెము తగ్గుచు పోవుదురు. తుదకు వినబడునో వినబడదో యనునంత సన్నగా శ్రుతి యొక్కటి మిగిలి ఆగును. అచట మీట పెంచకుడు.